అమెరికాలో స్కూల్ సోషల్ వర్కర్ కావడం ఎలా: చదువు నుంచి క్రెడెన్షియల్ దాకా

ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) పట్టా చేతికొచ్చింది. లైసెన్స్ పరీక్ష పాసయ్యాను. ఇక స్కూల్లో ఉద్యోగం రావడమే తరువాయి అనుకుని దరఖాస్తు పెట్టాను. వారం తిరక్కుండా ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) హెచ్‌ఆర్ నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది: విద్యాశాఖ ఇచ్చే స్కూల్ సోషల్ వర్క్ క్రెడెన్షియల్ కాపీ జత చేయలేదు, పంపగలరు అని. జత చేయడానికి నా దగ్గర ఉంటే కదా! అలాంటిదొకటి ఉంటుందని వినడమే అప్పుడు. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ నేను హాస్పిటల్లో చేశాను. క్రెడెన్షియల్‌కి మాత్రం స్కూల్లో చేసిన గంటలు కావాలి. ఆ గంటల కోసం మళ్లీ ఫీజు కట్టి, జీతం లేకుండా ఇంకో విద్యా సంవత్సరం తిరిగాను. మా అడ్వైజర్ చెప్పలేదు నిజమే, నేనూ అడగలేదు.

అందుకే ఇక్కడ మామూలు వరుస తిరగేసి చెబుతున్నాను. ముందు చివరి కాగితం చూడండి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ యూనివర్సిటీ దాకా రండి.

మెట్టు 1: రెండు శాఖలు, రెండు కాగితాలు

అమెరికాలో సోషల్ వర్కర్‌కి లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రంలోని సోషల్ వర్క్ బోర్డు. స్కూల్లో పనిచేసేవాళ్లకు అనుమతి ఇచ్చేది రాష్ట్ర విద్యాశాఖ. ఈ రెండూ వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు దరఖాస్తులు, వేర్వేరు ఫీజులు. ఒకదానిలో పాసైనంత మాత్రాన రెండోది దానంతటది రాదు. కొన్ని రాష్ట్రాల్లో రెండూ కావాలి, కొన్నిచోట్ల ఒకటే చాలు. ఏ రాష్ట్రంలో ఏది అనేదే అసలు ప్రశ్న.

నాలుగైదు రాష్ట్రాలు చూస్తే తేడా ఎంతుంటుందో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో టీచర్ క్రెడెన్షియలింగ్ కమిషన్ ఇచ్చే ప్యూపిల్ పర్సనెల్ సర్వీసెస్ క్రెడెన్షియల్ కావాలి, అదీ స్కూల్ సోషల్ వర్క్ విభాగంలో. అందరూ దాన్ని పీపీఎస్ అంటారు. దానికి తోడు హాజరు, బాలల సంక్షేమం చూసేందుకు మరో అదనపు అనుమతి ఉంది. చాలా యూనివర్సిటీలు రెండూ కలిపి చదివిస్తాయి. ఇల్లినాయ్‌లో టీచర్లకిచ్చే ప్రొఫెషనల్ ఎడ్యుకేటర్ లైసెన్స్ మీదే స్కూల్ సోషల్ వర్కర్ అని ఎండార్స్‌మెంట్ వేస్తారు, దానికి రాష్ట్రం పెట్టే సబ్జెక్టు పరీక్ష రాయాలి. న్యూజెర్సీలో విద్యాశాఖ సర్టిఫికెట్ ఇస్తుంది. అక్కడ స్కూల్ సోషల్ వర్కర్ అంటే చైల్డ్ స్టడీ టీమ్ అనే బృందంలో ఒకరు. స్కూల్ సైకాలజిస్టు, లెర్నింగ్ డిజెబిలిటీస్ కన్సల్టెంట్ మిగతా ఇద్దరు. న్యూయార్క్‌లో విద్యాశాఖ సర్టిఫికెట్‌తోపాటు పిల్లల మీద దౌర్జన్యాన్ని గుర్తించడం, స్కూల్లో హింసను నివారించడం, విద్యార్థుల గౌరవ రక్షణ చట్టం, వీటి మీద చిన్న చిన్న వర్క్‌షాపులు పూర్తిచేసిన రుజువులు కావాలి. టెక్సస్‌లో విద్యాశాఖ నుంచి ప్రత్యేక సర్టిఫికెట్ అంటూ లేదు, సోషల్ వర్క్ బోర్డు లైసెన్సే ఆధారం.

పేర్లు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి: క్రెడెన్షియల్, సర్టిఫికెట్, ఎండార్స్‌మెంట్. ఇక్కడ నేను అన్నిటినీ క్రెడెన్షియల్ అనే అంటాను.

ఇప్పుడు చేయాల్సిన పని. మీరు ఉద్యోగం చేయబోయే రాష్ట్రం విద్యాశాఖ వెబ్‌సైట్‌కి వెళ్లి స్కూల్ సోషల్ వర్కర్ పేజీ తెరవండి. బోర్డు పేజీ కాదు, విద్యాశాఖ పేజీ. అందులో నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఏ డిగ్రీ, స్కూల్లో ఎన్ని గంటల ఇంటర్న్‌షిప్, ఏ పరీక్ష, యూనివర్సిటీ నుంచి సిఫార్సు కావాలా వద్దా. చివరిది చాలామంది చూడరు. సిఫార్సు అడిగే రాష్ట్రాల్లో మీరు విడిగా అన్నీ పూర్తిచేసినా సరే, ఆ రాష్ట్రం ఆమోదించిన ప్రోగ్రామ్ మీ తరఫున మాట చెప్పకపోతే ఫైలు కదలదు.

మెట్టు 2: ఈ పని మీకు పడుతుందా?

చదువుకి డబ్బు కట్టే ముందు ఇది తేల్చుకోవడం మంచిది. స్కూల్ కౌన్సెలర్, స్కూల్ సైకాలజిస్ట్, స్కూల్ సోషల్ వర్కర్, ముగ్గురూ ఒకటే అనుకుంటారు బయటివాళ్లు. కౌన్సెలర్ తరగతుల ఎంపిక, కాలేజీ దారి, పిల్లల రోజువారీ ఇబ్బందులు చూస్తారు. సైకాలజిస్టు పరీక్షలు పెట్టి పిల్లవాడి నేర్చుకునే తీరు కొలుస్తారు. సోషల్ వర్కర్ చూపు బడి గేటు దాటి వెళ్తుంది: ఇల్లు, కుటుంబం, అద్దె, అమ్మ ఉద్యోగం, నాన్న కోర్టు కేసు.

చిన్న ఉదాహరణ. ఒక పిల్లవాడు సోమవారాలు మాత్రమే మానేస్తున్నాడు. హాజరు పట్టీలో అది వట్టి శాతం. అమెరికాలో విద్యా సంవత్సరంలో 10 శాతం రోజులు మానేస్తే దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కేస్తారు, 180 రోజుల బడిలో అది 18 రోజులు. స్కూల్ నుంచి హెచ్చరిక ఉత్తరాలు వెళ్తూనే ఉన్నాయి. ఇంటికి వెళ్లి కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. తల్లిదండ్రులు విడిపోయారు, శని ఆదివారాలు పిల్లవాడు తండ్రి దగ్గర ఉంటాడు, సోమవారం పొద్దున్నే తండ్రికి షిఫ్టు, 40 మైళ్లు దించి రావడానికి కుదరడం లేదు. హెచ్చరిక ఉత్తరాలు తల్లి చిరునామాకి వెళ్తున్నాయి. అప్పగింతని ఆదివారం సాయంత్రానికి మార్చుకునేలా ఇద్దరినీ ఒప్పించడమే దానికి మందు. ఈ పనికి కావలసింది మాటకారితనం కన్నా ఓపిక, ఎవరి పక్షమూ తీసుకోకుండా వినే చెవి.

ఈ ఉద్యోగం పుట్టిందే ఇలా ఇళ్లకు తిరగడంలోంచి. 1906-07 విద్యా సంవత్సరంలో న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో ఇళ్లకూ బడులకూ మధ్య తిరిగేవాళ్లను పెట్టారు, వాళ్లను విజిటింగ్ టీచర్లు అనేవారు. 1913లో రోచెస్టర్ విద్యా బోర్డు తన సొంత డబ్బుతో నియమించింది. తర్వాత 1975లో వచ్చిన వికలాంగ బాలల విద్యా చట్టం ఈ ఉద్యోగానికి చట్టబద్ధమైన చోటు ఇచ్చింది. దాన్నే ఇప్పుడు ఐడియా (ఇండివిజువల్స్ విత్ డిజెబిలిటీస్ ఎడ్యుకేషన్ యాక్ట్) అంటున్నాం. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకు అందాల్సిన అనుబంధ సేవల్లో స్కూల్ సోషల్ వర్క్ ఒకటని ఆ చట్టం నియమాల్లో ఉంది. ఈరోజు స్కూళ్లలో ఈ కుర్చీ ఉండటానికి పెద్ద కారణం అదే. అందుకే ఉద్యోగంలో సగం కాలం ఐఈపీ (ఆ పిల్లల్లో ఒక్కొక్కరికీ విడిగా రాసే విద్యా ప్రణాళిక) మీటింగుల్లోనే గడుస్తుంది. ఈ కాగితాల పని అంటే మీకు ఒళ్లు మంట అయితే ఇప్పుడే ఆలోచించుకోండి.

మెట్టు 3: డిగ్రీ

చాలా రాష్ట్రాలు ఎంఎస్‌డబ్ల్యూ అడుగుతాయి. బీఎస్‌డబ్ల్యూతో (సోషల్ వర్క్‌లో బ్యాచిలర్ డిగ్రీ) సరిపెట్టే రాష్ట్రాలు కొన్ని ఉన్నా, దాంతో ఆగితే రాష్ట్రం మారినప్పుడు ఇబ్బంది పడతారు. నా సలహా: ఎంఎస్‌డబ్ల్యూ లక్ష్యంగానే పెట్టుకోండి.

బ్యాచిలర్ డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉన్నా ఎంఎస్‌డబ్ల్యూలో చేరవచ్చు. బీకాం అయినా, బీటెక్ అయినా అడ్డు లేదు. ఫుల్‌టైమ్ చదివితే రెండేళ్లు, సుమారు 60 క్రెడిట్లు. సీఎస్‌డబ్ల్యూఈ గుర్తింపు ఉన్న బీఎస్‌డబ్ల్యూ ఇప్పటికే చేసినవాళ్లకు అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అని ఒక దగ్గరి దారి ఉంది, దాదాపు ఏడాదిలో అయిపోతుంది. పార్ట్‌టైమ్ అయితే మూడు, నాలుగేళ్లు.

సీఎస్‌డబ్ల్యూఈ అంటే కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్. అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఇది. ఈ గుర్తింపు లేని ఎంఎస్‌డబ్ల్యూ జోలికి అసలు పోకండి, ఫీజు ఎంత తక్కువైనా సరే. ఈ సంస్థ నిబంధన ప్రకారం ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటలు, బీఎస్‌డబ్ల్యూలో కనీసం 400 గంటలు ఫీల్డ్‌లో పనిచేయాలి.

ఆన్‌లైన్ కోర్సుల దగ్గర ఒక మెలిక ఉంది. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎంఎస్‌డబ్ల్యూకి సీఎస్‌డబ్ల్యూఈ గుర్తింపు ఉండవచ్చు. దాంతో బోర్డు లైసెన్స్‌కి ఇబ్బంది లేకపోవచ్చు కూడా. కానీ మీ రాష్ట్ర విద్యాశాఖ ఆమోదించిన స్కూల్ సోషల్ వర్క్ ప్రోగ్రామ్ అయి ఉండకపోవచ్చు. అడ్మిషన్ ఆఫీసువాళ్లు ఫోన్లో "మాకు ఫుల్ అక్రిడిటేషన్ ఉంది" అంటారు. అబద్ధం కాదది, మీరడిగిన ప్రశ్నకు జవాబూ కాదు. దీనికి మంచి మార్గం ఉంది. తమ కోర్సు ఏ రాష్ట్రంలో లైసెన్స్ అర్హతలకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో యూనివర్సిటీలు వెల్లడించాలని 2020 నుంచి కేంద్ర ప్రభుత్వ నియమం ఉంది. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ప్రొఫెషనల్ లైసెన్సర్ డిస్‌క్లోజర్ అని వెతకండి. మీ రాష్ట్రం ఎదురుగా ఏముందో చూసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

అడ్మిషన్‌కి చాలాచోట్ల జీఆర్ఈ అడగరు. ముఖ్యమైనది మీరు రాసే పర్సనల్ స్టేట్‌మెంట్. "చిన్నప్పటి నుంచి నాకు సేవ అంటే ఇష్టం" అని మొదలుపెట్టే వ్యాసాలు వాళ్లు వందల్లో చదువుతారు. మీరు కళ్లారా చూసిన ఒక పిల్లవాడి సమస్య, అప్పుడు మీకు ఏం చేయాలో తెలియకపోవడం, ఆ తెలియనితనం గురించే రాయండి. స్కూల్లో వలంటీరుగానో, ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రామ్‌లోనో కొన్ని నెలలు పనిచేసి ఉంటే రాయడానికి సరుకు దానంతటదే దొరుకుతుంది.

ఇండియాలో ఎంఎస్‌డబ్ల్యూ చేసి వచ్చినవాళ్లకు

మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పని లేకపోవచ్చు. విదేశీ సోషల్ వర్క్ డిగ్రీలను పరిశీలించి అమెరికా డిగ్రీతో సమానమో కాదో చెప్పే విభాగం సీఎస్‌డబ్ల్యూఈలోనే ఉంది. బోర్డు లైసెన్స్‌కి ఆ నివేదికను చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. విద్యాశాఖ మాత్రం దాంతోపాటు సాధారణ డిగ్రీ మదింపు సంస్థ నుంచి ఇంకో నివేదిక అడగవచ్చు.

ఇక్కడ ఇరుక్కునేది ఫీల్డ్‌వర్క్ గంటల దగ్గర. మార్కుల జాబితాలో ఫీల్డ్‌వర్క్ అని ఒక పేపరు, దానికి మార్కులు ఉంటాయి, గంటలు ఉండవు. ఏ సంస్థలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, సూపర్‌వైజర్ ఎవరు, వాళ్ల అర్హత ఏమిటి, ఇవన్నీ కాలేజీ లెటర్‌హెడ్ మీద సంతకంతో కావాలి. ఇక్కడి నుంచి తెప్పించుకోవాలంటే ఆరు నెలలైనా పట్టొచ్చు. ఇంకా ఇండియాలో ఉన్నవాళ్లయితే, సిలబస్ కాపీతో సహా ఫ్లైట్ ఎక్కేలోపే చేతిలో పెట్టుకోండి. ఆ గంటలు స్కూల్లో చేసినవి కాకపోతే, డిగ్రీ సమానమని తేలినా సరే, క్రెడెన్షియల్ కోసం మాత్రం ఇక్కడ స్కూల్ ఇంటర్న్‌షిప్ చేయాల్సి రావచ్చు. యూనివర్సిటీలు కొన్ని దీన్నే ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత చదివే సర్టిఫికెట్ కోర్సుగా ఇస్తాయి. నేను చివరికి చేసింది అదే.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి ఎంఎస్‌డబ్ల్యూ చదివేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. సోషల్ వర్క్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు. చదువయ్యాక ఓపీటీ (ఆ వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలే, ఐటీ స్నేహితులకు వచ్చే 24 నెలల పొడిగింపు రాదు. ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టే ముందే సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) సంగతి ఇంటర్నేషనల్ ఆఫీసుతో తేల్చుకోండి. మామూలు ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్ట్ యూనివర్సిటీల్లా హెచ్-1బీ లాటరీ నుంచి మినహాయింపు ఉన్న యజమాని కాదు. చదువు బాగుండి, ఉద్యోగం దొరికి, వీసా దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను.

మెట్టు 4: ఇంటర్న్‌షిప్, అన్నిటికన్నా పెద్ద మెట్టు

రెండేళ్ల కోర్సులో సాధారణంగా ఏడాదికొక ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది వారానికి రెండు రోజులు, రెండో ఏడాది మూడు రోజులు ఉండటం మామూలు. మొదటిది ఎక్కడ పడినా ఫరవాలేదు. ఫుడ్ బ్యాంకు, వృద్ధాశ్రమం, షెల్టర్, ఏదైనా నేర్పుతుంది. రెండోది మాత్రం స్కూల్లోనే ఉండాలి. దీని కోసం మొదటి ఏడాది చలికాలం నుంచే యూనివర్సిటీలో ఇంటర్న్‌షిప్‌లు చూసే ఫీల్డ్ ఆఫీసు వెంటపడాలి. స్కూల్ సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. కొన్ని రాష్ట్రాల ప్రోగ్రామ్‌లలో స్కూల్ ట్రాక్‌కి విడిగా దరఖాస్తు ఉంటుంది. ఆ గడువు తేదీ అడ్మిషన్ ఉత్తరంలో ఉండదు, మీరే వెళ్లి అడగాలి.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరు అడగాల్సినవీ ఉన్నాయి. నా సూపర్‌వైజర్‌కి ఎంఎస్‌డబ్ల్యూ, స్కూల్ క్రెడెన్షియల్ రెండూ ఉన్నాయా? ఐఈపీ మీటింగుల్లో కూర్చోనిస్తారా? ఇంటికి వెళ్లే సందర్శనలు ఉంటాయా? ఎలిమెంటరీ, హైస్కూల్ రెండు వయసులవాళ్లతో పనిచేసే వీలుందా? మొదటి ప్రశ్నకి "లేదు" అని వస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. సూపర్‌వైజర్ అర్హత సరిపోక గంటలన్నీ వృథా అయిన కథలు ఉన్నాయి.

ఇంటర్న్‌షిప్‌లో అసలు శిక్షణ ప్రాసెస్ రికార్డింగ్‌లో ఉంటుంది. పిల్లలతో మాట్లాడి వచ్చాక ఆ సంభాషణను గుర్తున్నంత వరకు మాట మాటకీ రాయాలి. పక్క గడిలో ఆ క్షణంలో మీకు ఏమనిపించిందో రాయాలి. ఇంకో గడి సూపర్‌వైజర్‌ది. నా మొదటి రికార్డింగ్‌లో ఒక ముక్క ఇలా ఉంది:

అబ్బాయి: నాకు నాన్న వాళ్లింట్లో పడుకోవడం ఇష్టం లేదు.
నేను: ఎందుకు? అక్కడ ఏమైనా అయిందా? అమ్మకి చెప్పావా?

నా గడిలో "కంగారు పడ్డాను" అని రాశాను. సూపర్‌వైజర్ గడిలో ఎర్ర పెన్నుతో: "ఒకేసారి మూడు ప్రశ్నలు. వాడు దేనికి జవాబు చెప్పాలి? ఆ మాట తర్వాత నువ్వు కాసేపు ఊరుకుని ఉంటే ఏం చెప్పేవాడో మనకిక తెలియదు." ఆ వారమంతా నాకు అదే టెన్షన్. కానీ పుస్తకాల్లో ఏడాది పాటు చదివినదానికన్నా ఆ ఎర్ర గీతల్లో నేర్చుకున్నది ఎక్కువ. రికార్డింగులు బరువని కొందరు కల్పించి రాసేస్తారు. సూపర్‌వైజర్లు ఇట్టే పట్టేస్తారు, అందులో పిల్లలు పెద్దవాళ్లలా మాట్లాడుతుంటారు కాబట్టి.

ఆ ఏడాదిలో సొంతంగా ఒక్కసారైనా చేసి ఉండాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పిల్లవాడి పుట్టుక నుంచి ఇప్పటిదాకా కుటుంబ, ఎదుగుదల చరిత్ర రాయడం. ఇది స్పెషల్ ఎడ్యుకేషన్ మదింపులో మీ వంతు నివేదిక. ఐఈపీలో లక్ష్యం రాయడం. "కోపం తగ్గుతుంది" అని రాస్తే లక్ష్యం కాదు. "కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు గుర్తు చేయకుండానే తను నేర్చుకున్న పద్ధతి ఒకటి వాడతాడు, ఐదింట నాలుగుసార్లు" అని రాస్తే లక్ష్యం. ఐదారుగురు పిల్లలతో గ్రూపు నడపడం. ఆత్మహత్య మాట ఎత్తిన పిల్లల ప్రమాద స్థాయి అంచనా వేసేటప్పుడు పక్కన కూర్చుని చూడటం. ఇల్లు లేని పిల్లలకు మెకిన్నీ-వెంటో చట్టం ఇచ్చే హక్కులు తెలిసి ఉండటం. చిరునామా రుజువు లేదని ఆఫీసులో వెనక్కి పంపేస్తున్న తల్లిని ఆపి, అదే రోజు పిల్లవాణ్ని చేర్పించే అధికారం ఆ చట్టం నుంచే వస్తుంది.

గంటల లాగ్ ఏ వారానికి ఆ వారం సంతకం చేయించుకోండి. సూపర్‌వైజర్ జూన్‌లో ఉద్యోగం మారిపోతే ఆగస్టులో సంతకం ఎవరు పెడతారు?

మెట్టు 5: బోర్డు లైసెన్స్, పరీక్ష

లైసెన్స్ పేర్లు చూసి తికమక పడకండి. ఎంఎస్‌డబ్ల్యూ అవగానే వచ్చేదాన్ని కొన్నిచోట్ల ఎల్ఎంఎస్‌డబ్ల్యూ, కొన్నిచోట్ల ఎల్ఎస్‌డబ్ల్యూ, ఇంకొన్నిచోట్ల ఎల్‌జీఎస్‌డబ్ల్యూ అంటారు. దాని పైది మానసిక చికిత్స చేసేందుకు కావలసిన క్లినికల్ లైసెన్స్, ఎక్కువచోట్ల ఎల్‌సీఎస్‌డబ్ల్యూ.

పరీక్ష నిర్వహించేది ఏఎస్‌డబ్ల్యూబీ (అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్క్ బోర్డ్స్). స్థాయిలు ఉన్నాయి, ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు రాసేది మాస్టర్స్. అందరికీ పరీక్ష తప్పదని కూడా లేదు. ఇల్లినాయ్ 2022 నుంచి ఎల్ఎస్‌డబ్ల్యూకి పరీక్ష ఎత్తేసింది.

ప్రశ్నల తీరు బట్టీ పట్టేవాళ్లను ముంచుతుంది. ఒక నమూనా నేనే తయారుచేస్తాను. ఏడో తరగతి అబ్బాయి మీ గదిలో కూర్చుని ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందని ఏడుస్తున్నాడు. సోషల్ వర్కర్ మొదట ఏం చేయాలి? బాలల రక్షణ విభాగానికి ఫిర్యాదు చేయడమా, తల్లికి ఫోన్ చేయడమా, ప్రిన్సిపాల్‌కి చెప్పడమా, భయం దేనికో ఇంకా తెలుసుకోవడమా? చాలామంది మొదటిది పెడతారు. కానీ ఇక్కడ వాడు భయం అన్నాడు, కొట్టారని అనలేదు. ఫెయిలైన ప్రోగ్రెస్ రిపోర్టు కూడా భయమే. కాబట్టి ఇంకా తెలుసుకోవడమే జవాబు. అదే వాడు "బెల్టుతో కొట్టారు" అని ఉంటే, ఫిర్యాదే మొదటి పని. నిజమో కాదో తేల్చడం మీ పని కాదు, సహేతుకమైన అనుమానం చాలు. ప్రశ్నలో "మొదట", "తర్వాత", "అన్నిటికన్నా సరైనది" అనే మాటల కింద గీత గీసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఈ పరీక్షలో ఉత్తీర్ణత తక్కువగా ఉందని 2022లో ఏఎస్‌డబ్ల్యూబీ సొంత లెక్కలే బయటపెట్టాయి. మనలో చాలామందికి వర్తించే సంగతి ఇది. కొన్ని బోర్డులు ఇలాంటివాళ్లకు అదనపు సమయం ఇస్తాయి. పరీక్షకు నమోదు చేసుకునే ముందే అర్జీ పెట్టాలి, తర్వాత అడిగితే కుదరదు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

మెట్టు 6: క్రెడెన్షియల్ దరఖాస్తు

మొదటి మెట్టులో రాసుకున్న కాగితం ఇప్పుడు బయటికి తీయండి. సీల్ చేసిన ట్రాన్‌స్క్రిప్టులు, యూనివర్సిటీ సిఫార్సు, పరీక్ష స్కోరు, వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ. ఇవే అటూ ఇటూగా అందరూ అడిగేవి. వేలిముద్రలు బోర్డుకి ఒకసారి ఇచ్చారు కాబట్టి విద్యాశాఖకి అక్కర్లేదనుకోకండి, మళ్లీ ఇవ్వాల్సిందే చాలాచోట్ల. స్కూల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగంలో చేరేటప్పుడు మూడోసారి అడిగినా ఆశ్చర్యపోవద్దు.

పట్టా మీద డిగ్రీ తేదీ పడే దాకా ఆగకుండా ఆన్‌లైన్ ఖాతా ముందే తెరిచి, ఉన్నవి ఎక్కించండి. మే నెలలో దేశమంతా పట్టాలు పుచ్చుకుంటుంది, జూన్‌లో అందరి ఫైళ్లూ ఒకేసారి ఆ ఆఫీసు మీద పడతాయి.

మెట్టు 7: ఉద్యోగం

నియామకాలు వసంతంలో మొదలై ఆగస్టు దాకా సాగుతాయి. ప్రకటనలో స్కూల్ సోషల్ వర్కర్ అనే పేరే ఉండాలని లేదు, స్టూడెంట్ సపోర్ట్ స్పెషలిస్ట్ లాంటి పేర్లతోనూ వెతకండి. చాలా డిస్ట్రిక్టుల్లో జీతం టీచర్ల జీతాల పట్టిక ప్రకారమే. ఎన్నేళ్ల అనుభవం, డిగ్రీ మీద ఎన్ని క్రెడిట్లు అనే రెండు లెక్కల మీద నడుస్తుంది. ఎంఎస్‌డబ్ల్యూకి 60 క్రెడిట్లు ఉంటాయి, మామూలు మాస్టర్స్ డిగ్రీలు చాలావాటికి అందులో సగం చిల్లరే. కాబట్టి ఆఫర్ వచ్చినప్పుడు "మాస్టర్స్" గడిలో పెట్టారా, "మాస్టర్స్ ప్లస్ 30" గడిలో పెట్టారా చూసి అడగండి. అడిగినవాళ్లకు మార్చిన సందర్భాలు నాకు తెలుసు.

కేంద్ర కార్మిక గణాంకాల శాఖ లెక్కలో బాలల, కుటుంబ, స్కూల్ సోషల్ వర్కర్ల మధ్యస్థ జీతం 2023 మేలో ఏడాదికి 53,940 డాలర్లు. ఇందులో చిన్న స్వచ్ఛంద సంస్థలవాళ్లూ కలిసి ఉన్నారు కాబట్టి దీన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు, మీరు చేరబోయే డిస్ట్రిక్ట్ జీతాల పట్టిక నేరుగా తెరిచి చూసుకోండి. ఫెడరల్ విద్యా రుణం ఉన్నవాళ్లు ప్రభుత్వ స్కూల్లో పనిచేస్తూ 120 అర్హమైన వాయిదాలు కడితే మిగతాది మాఫీ అయ్యే పథకం ఉంది. ఆ పథకం ఫారం ఏటా నింపి పంపడం మర్చిపోవద్దు.

ఇంటర్వ్యూలో మీరు తప్పక అడగాల్సినది ఒకటే: ఎన్ని భవనాలు, ఎంతమంది పిల్లలు? స్కూల్ సోషల్ వర్క్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా సిఫార్సు 250 మంది విద్యార్థులకు ఒకరు. వాస్తవంలో మూడు స్కూళ్ల మధ్య కారులో తిరిగేవాళ్లు బోలెడు మంది. ఐఈపీలో వారానికి 30 నిమిషాలు అని రాసి ఉంటే అది చట్టప్రకారం ఇచ్చి తీరాల్సిన సేవ, మీకు తీరికుంటే ఇచ్చేది కాదు. అలాంటి పిల్లలు 45 మంది ఉంటే వారానికి ఇరవై రెండున్నర గంటలు అక్కడే అయిపోతాయి. మిగిలిన టైమ్‌లో మీటింగులు, నివేదికలు, ఏడుస్తూ తలుపు తట్టేవాళ్లు.

తర్వాత వచ్చే కాగితాలు

క్లినికల్ లైసెన్స్ తప్పనిసరి కాదు, కానీ ముందుచూపు ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే గంటలు పోగేస్తారు. కాలిఫోర్నియాలో ఎల్‌సీఎస్‌డబ్ల్యూకి 3,000 గంటలు, కనీసం 104 వారాలు. స్కూల్లో చేసిన పని లెక్కలోకి రావాలంటే బోర్డు ఒప్పుకునే క్లినికల్ సూపర్‌వైజర్ కావాలి, స్కూళ్లలో అలాంటివాళ్లు దొరకడమే కష్టం. డిస్ట్రిక్టు ఇవ్వకపోతే బయట డబ్బిచ్చి పెట్టుకోవచ్చా, దానికి రాతపూర్వక ఒప్పందం కావాలా అనేది చేరకముందే బోర్డుని అడగండి.

జాతీయ సోషల్ వర్కర్ల సంఘం ఇచ్చే సర్టిఫైడ్ స్కూల్ సోషల్ వర్క్ స్పెషలిస్ట్ అనే గుర్తింపు ఒకటుంది. ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత స్కూల్లో రెండేళ్లు పనిచేసినవాళ్లకు. రెజ్యూమెకి అందం, దాంతో రాష్ట్ర క్రెడెన్షియల్ అవసరం తీరదు. దాని మీద డబ్బు పెట్టడం కన్నా ముందు క్లినికల్ గంటల మీద పెట్టమంటాను.

రాష్ట్రం మారేవాళ్లకు: సోషల్ వర్క్ లైసెన్సుల మీద రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి 2024 ఏప్రిల్‌లో ఏడో రాష్ట్రం చేరడంతో ప్రాణం పోసుకుంది. అది బోర్డు లైసెన్స్‌కి మాత్రమే. విద్యాశాఖ క్రెడెన్షియల్ కోసం కొత్త రాష్ట్రంలో మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. అందుకే సిలబస్‌లు, గంటల లాగ్‌లు, సూపర్‌వైజర్ క్రెడెన్షియల్ నంబరు ఉన్న కాగితం, ఇవన్నీ స్కాన్ చేసి యూనివర్సిటీ మెయిల్‌లో కాకుండా సొంత మెయిల్‌లో పెట్టుకోండి. యూనివర్సిటీ మెయిల్ పట్టా తర్వాత మూసేస్తారు, నాది అలాగే పోయింది.

ఇక రెన్యువల్. లైసెన్స్ గడువు ఒకటి, క్రెడెన్షియల్ గడువు ఇంకొకటి, రెండింటికీ కావలసిన శిక్షణ గంటల లెక్కలూ వేరు. ఒకే వర్క్‌షాపు రెండింటికీ పనికొస్తుందా అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లనే అడిగి, రెండు సంస్థల ఆమోద నంబర్లూ దాని మీద వేయించుకోండి. రెండు తేదీలూ ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించి, ఆరు నెలల ముందు మోగేలా పెట్టండి.